అరిచినాయనకి శాలువా

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక నన్నెవరూ సలహాలు అడగకండి. ఇప్పటికే అడిగి ఉంటే, నేను చెప్పింది మాత్రం పాటించకండి. ఎందుకంటే, మంచి ఉద్యోగులను ఎలా ఎంచుకోవాలో ఊరందరికీ నేర్పే కంపెనీ పెట్టి, సొంత ఆఫీసుకి ఒక్క మనిషిని ఎంచుకోవడంలో నేను సాధించిన ఘోర పరాజయం ఇది. రాజమండ్రిలో మా చుట్టాలిళ్ళలో ఏ శుభకార్యం జరిగినా ఈ కథని భోజనాల దగ్గర వడ్డిస్తారు. పప్పు తర్వాత, పులుసుకి ముందు. ఎవరో చెప్తుంటే తలొంచుకుని వినేకంటే నేనే చెప్పేసుకుంటే కాస్త మర్యాదగా ఉంటుందని రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు నిండలేదు. హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, అక్కడ నేర్చుకున్నదంతా సొంత గడ్డకి ధారపోద్దామన్న మహదాశయంతో తిరిగొచ్చాను. సొంత గడ్డ నన్ను అడగలేదనుకోండి, అది వేరే సంగతి. మా పెదనాన్నగారబ్బాయి శేషగిరితో కలిసి దానవాయిపేటలో ఒక మేడ మీద కన్సల్టెన్సీ తెరిచాను. రైసుమిల్లులు, స్వీటు తయారీదార్లు, నర్సరీలు, ఇలాంటి చిన్న వ్యాపారాల వాళ్ళకి పనివాళ్ళని ఎలా చూసుకోవాలో, హాజరు ఎలా వేయాలో, సెలవులు ఎలా ఇవ్వాలో చెప్పడం మా పని. శేషన్నయ్య బండి మీద ఊళ్ళు తిరిగేవాడు. నేను ఫ్యాను కింద కూర్చుని మేధస్సు ఉపయోగించేదాన్ని.

మా ఆఫీసులో మేధస్సుకి లోటు లేదు. ఫోనెత్తడానికి, కాగితాలు సర్దడానికి, ఎవరికి ఏది పంపాలో గుర్తుపెట్టుకోవడానికే మనిషి లేడు. ఒకసారి రైసుమిల్లుకి పంపాల్సిన సలహాలన్నీ ఆత్రేయపురంలో పూతరేకులు చేయించే ఒకాయనకి పంపేశాను. మర్నాడు ఆయన ఫోన్ చేసి చాలా వినయంగా అడిగారు.

"అమ్మా, బరువు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్ళు వంచాలని రాశారండి. మా రేకు ఊదితే ఎగిరిపోద్దండి. దానికి కూడా మోకాళ్ళు వంచాలంటారా?"

ఆ రోజే నిర్ణయించుకున్నాం, జూనియర్ ఆఫీస్ మేనేజర్ కావాలని. ప్రకటన ఇచ్చాం. వచ్చినవాళ్ళలో వడపోయగా వడపోయగా రావులపాలెం నుంచి గాయత్రి అనే అమ్మాయి మిగిలింది. డిగ్రీ చదివింది. ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసింది. నెమ్మదిగా మాట్లాడుతుంది, చెప్పింది వింటుంది. మామూలు మనిషైతే అక్కడితో ఉద్యోగం ఇచ్చేసి ఇంటికెళ్ళి అన్నం తినేది. నేను మామూలు మనిషిని కాను. విశాఖపట్నంలో రెండురోజుల శిక్షణకి వెళ్ళొచ్చిన మనిషిని.

"అన్నయ్యా, ఆ అమ్మాయికి ఒత్తిడి పరీక్ష పెట్టాలి," అన్నాను.

"రక్తపోటు చూస్తావా ఏంటి?" అన్నాడు శేషన్నయ్య.

"అది కాదు. ఇంటర్వ్యూ జరుగుతుండగా ఒక క్లయింటు కోపంగా వచ్చి అరుస్తాడు. అది నాటకమని ఆ అమ్మాయికి తెలీదు. ఎలా తట్టుకుంటుందో మనం గమనిస్తాం."

"మనకి నిజం క్లయింట్లే ఉన్నారు కదే. వాళ్ళలో ఎవరో ఒకళ్ళు ఎలాగూ వచ్చి అరుస్తారు. అప్పుడు చూద్దాం, ఈలోపు చేర్చేసుకో."

ఇంత జ్ఞానం ఇంట్లోనే ఉండగా విశాఖపట్నం దాకా బస్సెక్కి వెళ్ళాను చూశారూ, అదీ నా జాతకం. నేను వినలేదు. పట్టుబట్టి శేషన్నయ్య చేతనే ఒక నటుణ్ణి మాట్లాడించాను. కొవ్వూరాయన, పేరు కోటేశ్వర్రావు గారు. ఫొటో స్టూడియో నడిపేవారట. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూసేసి, పద్యనాటకాల్లో యముడు, కీచకుడు లాంటి వేషాలు వేస్తున్నారట. శేషన్నయ్యకి పెద్దాపురంలో ఏదో పెళ్ళి ఉండటంతో ఆనవాళ్ళు చెప్పి వెళ్ళిపోయాడు.

"తెల్ల పంచె, తెల్ల చొక్కా. పెద్ద మీసం, పెద్ద గొంతు. పదకొండింటికి వచ్చి అరుస్తారు. దేని గురించి అరవాలో ఆయనకే వదిలేశాను. కళాకారుడు కదా."

ఆ ఆనవాళ్ళతో గోదావరి జిల్లాల్లో మనిషిని గుర్తుపట్టడమంటే, జోరువానలో తడిసినవాణ్ణి గుర్తుపట్టడంలాంటిదని నాకు అప్పుడు తట్టలేదు. పైగా కళాకారుణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని, మెయిన్ రోడ్డులో ఒక జరీ శాలువా కూడా కొనుక్కొచ్చి బల్ల కింద దాచిపెట్టాను.

ఆ రోజు గాయత్రి చెప్పిన టైముకే వచ్చింది. నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి సొరుగులో పడేశాను. మీ బలాలేంటి, బలహీనతలేంటి అని అడుగుతూ ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను గుమ్మం మీద వేసి కూర్చున్నాను. ఆ అమ్మాయి నాకు మెల్లకన్నేమో అనుకుని ఉంటుంది.

పదకొండు కాకముందే మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు ధడాలున తెరుచుకుంది. తెల్ల పంచె. తెల్ల చొక్కా. మీసం చూశారూ, రెండు చివర్లా రెండు నిమ్మకాయలు నిలబెట్టొచ్చు.

"ఎవరండీ ఇక్కడ మేనేజరు?" అని గర్జించాడాయన. గోడ మీద క్యాలెండరు ఊగింది. ఆహా, ఏం ప్రవేశం అనుకున్నాను.

"నేనేనండి, చెప్పండి," అన్నాను ముద్దుగా.

"చెప్పడానికి ఏం మిగిల్చారండీ? నేను కడియం నర్సరీ వీర్రాజుని! మీరు పెట్టించిన మిషన్ నా కొంప ముంచేసింది!"

నాకు ఒళ్ళు పులకరించింది. మాకున్న క్లయింట్లలో అందరికన్నా పెద్దాయన కడియంలో నర్సరీ వీర్రాజు గారే. ఆయన పనులన్నీ శేషన్నయ్య చూసేవాడు. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, ఫోన్లో మాత్రం మాట్లాడాను. ఆ గొంతు వెన్నపూసలా ఉంటుంది. "అమ్మా, మీకు వీలైతేనే, తొందరేం లేదమ్మా" అనే మనిషి. ఈ ఉరుముకీ ఆ వెన్నకీ ఏమైనా పోలికుందా? ఈ నటుడు మా అసలు క్లయింటు పేరే వాడుకుంటున్నాడంటే, ఎంత లోతుగా తయారై వచ్చాడో అనుకుని మురిసిపోయాను.

"ఏ మిషనండీ?" అంది గాయత్రి.

"వేలిముద్రల మిషనమ్మా! హాజరు వేసే మిషన్! మా ఆడాళ్ళు పొద్దస్తమానం మట్టిలో చేతులు పెట్టి మొక్కలు కట్టేవాళ్ళు. వాళ్ళ వేళ్ళ మీద ముద్రలెక్కడుంటాయి? ఆ మిషన్ ఒక్కళ్ళనీ గుర్తుపట్టలేదు. నిన్న మా నర్సరీకి అసలెవరూ రాలేదని రాసుకుంది!"

"అయ్యో. మరి వాళ్ళేమన్నారండి?"

"ఏమంటారు? నిన్న మేం రానట్టయితే ఇవాళ కూడా రానట్టేనండి అని గేటు బయట కూర్చున్నారు. లోపల లారీ నిలబడుంది. మొక్కలన్నీ ఎక్కించాలి, సాయంత్రానికి బయల్దేరాలి, లేకపోతే ఎండకి వాడిపోతాయి. మా గుమాస్తా, నేనూ ఇద్దరం ఎక్కించగలమా?"

కథనం అమోఘం! లారీట, ఎండట, గేటు బయట ఆడవాళ్ళట! మిషన్ పెట్టించమన్న సలహా నాదే. శేషన్నయ్య నా మీద వ్యంగ్యంగా ఈ కథ అల్లించి పంపాడనుకుని, లోపల్లోపల మెచ్చుకున్నాను. గాయత్రి చూడకుండా ఆయనకి బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన తెల్లబోయారు. పాత్రలోంచి బయటికి వచ్చేస్తారేమోనని భయపడి, ఒక కన్ను కొట్టాను.

"కన్ను కొడుతున్నావేంటమ్మా?" అన్నారాయన నిర్ఘాంతపోయి.

"దుమ్ము పడిందండి. మీరు కానివ్వండి. బల్ల మీద ఒకసారి కొట్టి చెప్తే ఇంకా బాగుంటుందేమో," అన్నాను గొంతు తగ్గించి.

ఆయన నన్ను చూసిన చూపు నాకిప్పటికీ కలలోకి వస్తుంది. కానీ పాపం, బల్ల మీద కొట్టారు. అంత కోపంలోనూ అడిగింది కాదనలేని మనిషి.

గాయత్రి లేచి నిలబడింది. ఆయనకి తన కుర్చీ జరిపి, మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

"బాబాయి గారూ, ముందు కూర్చోండి. ఆళ్ళకి కోపం మిషన్ మీదా, మీ మీదా?"

ఆయన నీళ్ళు తాగి కాస్త ఆలోచించారు. "ఇద్దరి మీదానమ్మా."

"గేటు దగ్గర అందరూ వినేది ఎవరి మాటండి?"

"నూకాలమ్మ. ఆవిడ మొహం చూస్తే నాకే భయం."

"ఫోన్ కలిపి ఇవ్వండి."

ఆయన కలిపి ఇచ్చారు. గాయత్రి స్పీకరు పెట్టింది.

"పిన్నిగారండీ, నేను రాజమండ్రి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండి. నిన్న మీరందరూ వచ్చారని బాబాయి గారికి తెలుసండి. నిన్నటి రోజు ఎక్కడికీ పోదు. మిషన్ తీసేస్తారు, ఇదివరకటిలాగే పేర్లు పిలిచి రాసుకుంటారు."

"ఫోన్లో చెప్తే ఎలాగమ్మా?" అంది అవతలి నుంచి ఒక ఖంగుమనే గొంతు. "మా కళ్ళముందే పీకాలి. అది పెట్టమన్నాళ్ళే వచ్చి పీకాలి."

"ఆయ్, అలాగేనండి. వచ్చి పీకుతారు. ఈలోపు మొక్కలు ఎండకి మాడిపోకుండా లారీ ఎక్కించడం మొదలుపెట్టండి పిన్నిగారూ. మొక్కలేం చేశాయండి పాపం."

అవతలి నుంచి "ఒసేయ్, లేవండే," అని కేక వినిపించింది.

ఏకంగా ఫోన్లో కూడా ఒక నటిని పెట్టారే! ఇక నా ఆనందాన్ని ఆపుకోవడం నా వల్ల కాలేదు. లేచి చప్పట్లు కొట్టాను. బల్ల కిందనుంచి శాలువా తీసి, మడతలు విప్పి, ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి భుజాల మీద కప్పాను.

"అద్భుతం! అద్భుతమండి! జీవించేశారు!"

ఆయన శాలువా అంచు పట్టుకుని చూసుకున్నారు. "దేనికమ్మా ఇది?"

"తిట్టినందుకండి!"

"తిట్టినందుకు సన్మానమా?"

"అంత సహజంగా తిట్టడం అందరికీ వస్తుందా అండి! ఆ బాధ, ఆ వణుకు, ఆ మీసం! ఒక్క క్షణం నిజమేననిపించింది."

ఆయన నోరు తెరిచారు. ఆ నోట్లోంచి ఏం వచ్చేదో ఎవరికీ తెలీదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మెట్ల మీదనుంచి మరో ఉరుము వినిపించింది.

"ఎక్కడ? ఎక్కడ దాగినది ఈ కార్యాలయాధిపతి?"

తలుపు మళ్ళీ ధడాలుమంది. తెల్ల పంచె. తెల్ల చొక్కా. మీసం. ఆయన గుమ్మంలో ఒక కాలు ముందుకేసి, చెయ్యి గాలిలోకి లేపి నిలబడ్డారు. క్యాలెండరు ఈసారి ఊగలేదు, కింద పడింది.

గాయత్రి నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. వీర్రాజు గారు మాత్రం జాలిగా ఆయనవైపు చూశారు.

"మీకూ మిషన్ పెట్టారా అండి?" అన్నారు.

వచ్చినాయన కళాకారుడు. అందిన మాట వదులుకోడు. "పెట్టారు! నా బతుకునే మింగేసిందా యంత్రం!" అని గుండె బాదుకున్నారు.

"రండి, ఇలా కూర్చోండి. నాదీ అదే బాధండి. ఈ నీళ్ళు తాగండి," అని వీర్రాజు గారు సీసా అందించారు. ఆయన కూర్చుని నీళ్ళు తాగి, నావైపు వంగి, ఊరంతా వినపడేలా గుసగుసలాడారు.

"క్షమించాలి మేడంగారూ. వంతెన మీద లారీ ఆగిపోయి ఆలస్యమైందండి. ఫోన్ చేస్తే మీరు ఎత్తలేదు. ప్రవేశం ఎలా ఉందండి?"

ఎండాకాలంలో గోదావరి నీళ్ళు ఎలా వెనక్కి పోతాయో, నా మొహంలో రక్తం అలా పోయింది. సొరుగు లాగి ఫోన్ తీశాను. శేషన్నయ్య కాల్స్ వరసగా ఉన్నాయి. కింద ఒక మెసేజ్: "బాజాల్లో ఫోన్ వినబడలేదు. వీర్రాజు గారు కోపంగా ఆఫీసుకి బయల్దేరారంట. జాగ్రత్తగా మాట్లాడు."

జాగ్రత్తగానే మాట్లాడాను కదా. కన్ను కొట్టాను, బల్ల కొట్టమన్నాను, శాలువా కప్పాను.

ఇక దాచడానికి ఏమీ లేదు. నిలబడి, తల వంచుకుని, ఉన్నదంతా చెప్పేశాను. పరీక్ష అని, నాటకమని, ఆయన్ని నటుడనుకున్నానని. వీర్రాజు గారు శాలువా తీసి నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ ఆ ఫోన్లో వినే మెత్తటి గొంతు వచ్చింది.

"అంటే ఇంతసేపూ నా కష్టం నీకు నాటకంలా కనబడిందా అమ్మా?"

అంతకంటే ఆయన మళ్ళీ అరిచినా బాగుండేది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కంపెనీ పోతుందన్న భయం కూడా కాదు, పెద్దమనిషి మొహం అలా చిన్నబోవడం చూడలేకపోయాను. "తప్పైపోయిందండి," అన్నాను.

ఆయన కాసేపు మీసం నిమురుకున్నారు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని హడలిపోయాను. నవ్వుతున్నారు!

"ఒక్క నిజం చెప్తానమ్మా, ఎవరికీ చెప్పకు. నాకసలు కోపం రాదు. మా ఆవిడే పంపించింది. ఈసారైనా గట్టిగా మాట్లాడి రండి, మెతగ్గా మాట్లాడి కాఫీ తాగి రాకండి అని. కడియం నుంచి ఇక్కడి దాకా కార్లో అరవడం ప్రాక్టీసు చేసుకుంటూ వచ్చాను. డ్రైవరు భయపడి రెండుచోట్ల ఆపేశాడు."

"అందుకేనండి అంత బాగా వచ్చింది!" అన్నాను నోరు జారి.

"మరే! జీవితంలో మొదటిసారి అరిచాను, దానికి చప్పట్లు కూడా పడ్డాయి. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఈ శాలువా చూపిస్తాను. నేను నిజంగానే అరిచానని నమ్మాలి కదా."

కోటేశ్వర్రావు గారు వృత్తిధర్మంగా, "ఆ బల్ల మీద కొట్టిన దెబ్బ కింద దాకా వినబడిందండి, బ్రహ్మాండం," అన్నారు. వీర్రాజు గారు సిగ్గుపడిపోయారు.

అమ్మయ్య, గండం గడిచింది అనుకుని గాయత్రి వైపు తిరిగాను. "అమ్మా గాయత్రీ, నువ్వు సెలక్టయ్యావు!" అన్నాను, బహుమతి ప్రకటించే గొంతుతో.

ఆ అమ్మాయి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"మేడం, ఏమీ అనుకోకండి. రేపు మీరు నిజంగా కళ్ళు తిరిగి పడిపోయినా, ఇది కూడా పరీక్షేమోనని నేను నీళ్ళు చల్లకుండా చూస్తూ నిలబడతాను. అలాంటి చోట ఎలా పనిచేస్తామండి?"

విశాఖపట్నంలో ఇది చెప్పలేదు.

"మరి మా నర్సరీలో చేస్తావా తల్లీ?" అన్నారు వీర్రాజు గారు వెంటనే. "మా దగ్గర నాటకాలేం ఉండవు. నూకాలమ్మ నిజంగానే అరుస్తుంది."

"ఆయ్, చేస్తానండి," అంది గాయత్రి.

ఒత్తిడి పరీక్షలో నెగ్గిన అభ్యర్థిని నా కళ్ళముందే, నా కుర్చీలో కూర్చుని, నా నీళ్ళు తాగి, నా శాలువాతో సహా పట్టుకుపోయారు. వెళ్తూ వెళ్తూ నన్ను కూడా కారెక్కించుకున్నారు. మరి మిషన్ పెట్టమన్నవాళ్ళే వచ్చి పీకాలి కదా! కడియంలో నూకాలమ్మ, మిగతా ఆడవాళ్ళూ బురద చేతులు నడుముకి పెట్టుకుని వరసగా నిలబడ్డారు. నేను స్టూలెక్కి, స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క మరా విప్పుతుంటే, "ఆ పై మర మర్చిపోయావమ్మా" అని వెనకనుంచి సలహాలు. ఆ రోజు ఎవరు ఎవరికి కన్సల్టెంటో నాకు అర్థం కాలేదు. కానీ మొక్కలు వాడకముందే లారీ నిండింది. వీర్రాజు గారు మమ్మల్ని వదిలిపెట్టలేదు. మిషన్ల సంగతి మాత్రం ఇంకెప్పుడూ ఎత్తవద్దన్నారు.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. నా ఆఫీసుకి తాళం వేసిన గుర్తు నాకు లేదు. కంగారుగా మెట్లెక్కితే, లోపల కోటేశ్వర్రావు గారు కూర్చుని ఉన్నారు. పడిపోయిన క్యాలెండరు గోడకి తగిలించి, బల్ల మీద కాగితాలన్నీ సర్దిపెట్టి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"చిత్తం. తమరి రైసుమిల్లు కాగితము రేపు ఉదయమే తమరి హస్తగతమగును. తమరు నిశ్చింతగా విశ్రమింపుడు."

ఫోన్ పెట్టేసి, "మీరు తలుపు తీసి వెళ్ళిపోయారండి. వదిలేసి వెళ్ళలేక ఉండిపోయాను," అన్నారు.

అలా మా కంపెనీకి జూనియర్ ఆఫీస్ మేనేజర్ దొరికారు. ఆయన మా నాన్న కన్నా రెండేళ్ళు పెద్ద. ఆ "జూనియర్" అన్న మాట తీసేద్దామండీ అంటే, "వద్దండి, ఈ వయసులో ఎవరంటారు నన్నా మాట" అని పట్టుబట్టి ఉంచుకున్నారు. శేషన్నయ్యకి మాత్రం ఆయన ముందు కాళ్ళు జాపుకుని కూర్చోవాలంటే మొహమాటం.

ఇక నా సంగతి. నేను ఆ రోజే, అన్ని నదులూ కాకపోయినా కనీసం గోదావరి సాక్షిగా ఒక ప్రమాణం చేశాను. ఇకమీదట మా ఆఫీసు మెట్లెక్కి ఎవరు అరిచినా, అది నిజమైన అరుపేనని నమ్ముతాను. కుర్చీ వేస్తాను, తప్పు నాదేనని ఒప్పుకుంటాను, ఆ తర్వాతే విషయమేంటని అడుగుతాను.

మొన్ననే ఆ ప్రమాణానికి పరీక్ష ఎదురైంది. ఒకాయన దవడ పట్టుకుని, కళ్ళెర్రజేసుకుని, అరుచుకుంటూ వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. చటుక్కున లేచి కుర్చీ వేశాను. తప్పంతా నాదేనన్నాను. మీకు కలిగిన బాధకి నేనే పూర్తి బాధ్యురాలినన్నాను. ఆయన ఏదో చెప్పబోతే చెప్పనివ్వకుండా పావుగంట క్షమాపణ చెప్పుకున్నాను. చివరికి ఆయన ఒక చేత్తో దవడ నొక్కుకుని, రెండో చేత్తో దణ్ణం పెట్టి అడిగాడు.

"అమ్మా, అంతా మీ తప్పే, ఒప్పుకుంటాను. ముందు పన్ను పీకుతారా, లేదా?"

పళ్ళ డాక్టరు కింది అంతస్తులో ఉంటారు.